షోరూములో బండి సర్వీసు సరిగ్గా చేయకపోతే ఏం చేయాలి

నేను గోపాలమిత్రను. ఖమ్మం జిల్లాలో మధిర, బోనకల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆవులకూ గేదెలకూ ఎద సూదులు వేస్తూ, అంటే కృత్రిమ గర్భధారణ చేస్తూ తిరుగుతాను. పశువు ఉదయం ఎద చూపిస్తే సాయంత్రానికి, సాయంత్రం చూపిస్తే మర్నాటి ఉదయానికి నేను ఆ కొట్టం దగ్గర ఉండాలి. ఆ వేళ తప్పితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఆ ఆలస్యమంతా రైతుకు పాల రూపంలో నష్టమే. వీర్యం చెడకుండా ఉంచే ద్రవ నత్రజని క్యాను వెనక కట్టుకుని మట్టి దారుల్లో తిరిగే నాకు నా 125 సీసీ బండే పనిముట్టు. సర్వీసుకు ఇచ్చిన బండి ఇచ్చినప్పటికన్నా అధ్వానంగా తిరిగి వస్తే నాకు ఒళ్లు మండుతుంది.

షోరూముకు వెళ్లి కేకలు వేసి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఆ కాసేపు కోపం చల్లారుతుంది, బండి మాత్రం అలాగే ఉంటుంది. సర్వీసు బాగా లేదని నిరూపించడానికి కావలసినవన్నీ తాళం చేతికి ఇవ్వక ముందే సిద్ధం కావాలి. తాళం ఇచ్చాక మనది ఒక మాట, వాళ్లది ఒక మాట. అందుకే ఫిర్యాదు ఎక్కడ చేయాలో చెప్పే ముందు, ఇంట్లో చేసుకోవలసిన పని గురించే ఎక్కువ చెబుతాను.

ముందురోజు రాత్రి

బండితో పాటు ఇచ్చిన పుస్తకం చాలా ఇళ్లలో బీరువాలో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. ఎన్ని కిలోమీటర్లకు ఏది చూడాలి, ఏది శుభ్రం చేయాలి, ఏది మార్చాలి అని అందులో ఒక పట్టిక ఉంటుంది. మీ బండి ఇప్పుడు ఏ గడిలో ఉందో చూసుకోండి. ఇంజిన్ ఆయిల్ ఏ రకం, ఎంత పడుతుంది, చైన్ ఎంత వదులు ఉండాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలి అనే పేజీలను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఆయిల్ సంగతి మరీ ముఖ్యం. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తూ ఉంటాయి కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇంగ్లీషులో JASO MA, MA2) అని రాసి ఉన్నదే పోయాలి. గేర్లు లేని స్కూటర్ల కోసం చేసిన ఎంబీ రకం పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

తరువాత మీ బండిలో ఉన్న లోపాలు ఒక కాగితం మీద రాయండి. ఎలా రాస్తామన్నదాన్ని బట్టే పని జరుగుతుంది. ‘బండి లాగడం లేదు’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘వెనక బరువు ఉన్నప్పుడు, మూడో గేరులో 40 దాటాక, యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతోంది, వేగం పెరగడం లేదు’ అని రాస్తే మంచి మెకానిక్‌కు బండి చూడకుండానే క్లచ్ గుర్తుకు వస్తుంది. శబ్దం వస్తోందంటే ముందు వైపా, వెనక వైపా, బ్రేకు వేసినప్పుడా, గతుకుల్లోనా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా అన్నది రాయాలి.

చివరగా ఫొటోలు. కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు, నాలుగు వైపులా బండి, ఉన్న గీతలు, అద్దాలు, టూల్ కిట్టు. తేదీ, సమయం ఫోనులో వాటంతట అవే నమోదవుతాయి. దీంతో పాటు నేను మరో పని చేస్తాను. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి, లోపలి ఫిల్టర్ ప్లాస్టిక్ అంచు మీద ఆకుపచ్చ మార్కరుతో చిన్న చుక్క పెడతాను. దాన్నీ ఫొటో తీస్తాను. చాలా బళ్లలో ఆ మూతకు మూడు నాలుగు స్క్రూలే ఉంటాయి, స్క్రూ డ్రైవర్ ఒక్కటి చాలు. కాగితం భాగం మీద మాత్రం గీయవద్దు. ఈ చుక్క నాకు ఎలా పనికి వచ్చిందో కింద చెబుతాను.

జాబ్ కార్డు మీదే అంతా

షోరూములో సర్వీస్ అడ్వైజర్ మన ఫిర్యాదులు విని కంప్యూటర్లో ఎక్కించి ఇచ్చే కాగితం జాబ్ కార్డు. మెకానిక్ చేతికి వెళ్లేది అదే, రేపు తగవు వస్తే ఎవరైనా చూసేదీ అదే. మనం ఐదు నిమిషాలు చెప్పిందంతా విని చాలాచోట్ల ‘జనరల్ సర్వీస్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఒప్పుకోకండి. ‘సార్, నేను రాసుకొచ్చింది రాసుకొచ్చినట్టే ఎక్కించండి’ అని కాగితం చేతికి ఇవ్వండి. సిస్టంలో చోటు లేదంటే, ప్రింటు తీసిన కార్డు మీదే పెన్నుతో రాసి ఇద్దరూ సంతకం చేయండి.

ఆ కార్డు మీద మరికొన్ని మాటలు తప్పక ఉండాలి. ఖర్చు అంచనా ఎంత. ఆ అంచనా దాటే పని ఏదైనా ఫోను చేసి అడిగాకే చేయాలి. తీసిన పాత భాగాలు నాకు తిరిగి ఇవ్వాలి. వారంటీ కింద మార్చిన భాగం కంపెనీకి వెళుతుంది కాబట్టి దాన్ని ఇవ్వరు, కానీ చూపించమని అడగవచ్చు. ఇంజిన్ ఫ్లష్, కోటింగ్, పాలిష్ లాంటివి వద్దనుకుంటే ‘వద్దు’ అని కార్డు మీదే రాయించండి. పుస్తకంలోని పట్టికలో లేని పనికి ‘ఎందుకు’ అని అడిగే హక్కు మీకు ఉంది. సరైన జవాబు వస్తే చేయించుకోండి. సంతకమయ్యాక కార్డును ఫొటో తీసుకుని అప్పుడు తాళం ఇవ్వండి.

ఇక్కడ ఒక మాట. బండి విప్పే కుర్రవాడిని తిట్టడం అన్యాయం. పండగల ముందు, ఆదివారాల్లో అతని ముందు బళ్లు వరుసగా నిలబడి ఉంటాయి, ఒక్కో బండికి ఇంత సమయమని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. అందుకే నేను వారం మధ్యలో, షట్టరు తీసే వేళకు వెళతాను. పని జరిగేచోట నిలబడనిస్తారా అని మర్యాదగా అడుగుతాను. కొన్నిచోట్ల ఒప్పుకోరు, అద్దం ఇవతలి నుంచి చూడమంటారు. ‘తమ్ముడూ, ఈ శబ్దం ఒక్కసారి విను’ అని మెకానిక్‌తో రెండు నిమిషాలు మాట్లాడగలిగితే సగం పని అయినట్టే.

ఉదయమే వెళ్లడంలో ఇంకో లాభం ఉంది. టాపెట్ సెట్టింగ్, అంటే ఇంజిన్ వాల్వుల దగ్గరి సందు సరిచేయడం, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయాలి. వేడి మీద ఉన్న లోహం వ్యాకోచిస్తుంది, అప్పుడు కొలిచిన సందు నిజమైన సందు కాదు. మీరు 20 కిలోమీటర్లు నడిపి తెచ్చిన బండికి గంటలోపే టాపెట్ సెట్ చేశామని బిల్లు చేతికి ఇస్తే, ఎప్పుడు చల్లారింది అని అడగండి. టాపెట్ పని ఉంటే ముందు సాయంత్రమే బండి వదిలి రావడం మేలు. మా ఖమ్మం ఎండల్లో అయితే నేను వేరే ఆలోచనే పెట్టుకోను.

డబ్బు కట్టక ముందు

బిల్లు కౌంటరు దగ్గరికి వెళ్లే ముందే బండి దగ్గరికి వెళ్లండి. చదునైన చోట సెంటర్ స్టాండు వేసి, పుస్తకంలో చెప్పిన పద్ధతిలో ఆయిల్ మట్టం చూడండి. పుల్ల మీద రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా తప్పే. ఇంజిన్ కింద వేలితో తడిమి డ్రెయిన్ బోల్టు చుట్టూ తడి ఉందేమో చూడండి. ఆ బోల్టు వాషరు సరిగ్గా కూర్చోకపోయినా, అరిగిపోయినా చుక్క చుక్కగా కారుతుంది. షోరూము నేల మీద కనబడదు, ఇంటి గచ్చు మీద తెల్లవారాక కనబడుతుంది.

చైన్ కింది వైపు మధ్యలో వేలితో పైకీ కిందికీ కదపండి. చాలా మామూలు బళ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి, మీ బండి కొలత పుస్తకంలో చూసుకోండి. శబ్దం రాకూడదని బిగించేస్తారు కానీ, మరీ బిగువైన చైన్ స్ప్రాకెట్లనూ బేరింగునూ తినేస్తుంది. వెనక చక్రానికి రెండు వైపులా ఉండే గుర్తులు ఒకే గీత దగ్గర ఉన్నాయా చూడండి. వాటర్ వాష్ తరువాత చైన్‌కు నూనె పెట్టారా అన్నదీ అడగండి. టైరు గాలి, లైట్లు, హారను, బ్రేకు లైటు ఒక నిమిషం పని.

ఆ తరువాత అడ్వైజర్‌ను వెనక కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరగండి. ఏ లోపం చెప్పారో ఆ లోపం వచ్చే పరిస్థితిలోనే నడపండి. బరువు మీద జారే క్లచ్ ఒంటరిగా నడిపితే బయటపడదు. లోపం అలాగే ఉంటే ఆ క్షణమే అదే జాబ్ కార్డు మీద రాయించండి. ‘పూర్తి సంతృప్తితో బండి తీసుకున్నాను’ అనే గడిలో సంతకం పెట్టేది నడిపి చూశాకే. నడపనివ్వకపోతే సంతకం పక్కన ‘నడిపి చూడలేదు’ అని రాయండి.

బిల్లులో ప్రతి భాగం పేరు, పరిమాణం, ధర, లేబర్ చార్జి విడివిడిగా ఉండాలి. పుస్తకంలో 900 మి.లీ. ఆయిల్ అని ఉంటే బిల్లులో ఎంత వేశారో పోల్చండి. విడిభాగం అట్టపెట్టె మీద ఉండే గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. పన్ను కలిపాక కూడా భాగం ధర ఆ అంకె దాటకూడదు. లేబరు మీద 18 శాతం జీఎస్టీ వేరు. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ‘బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తాం’ అన్న మాటకు లొంగితే రేపు మీ చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

తేడా కనబడితే

మా వైపు పత్తి, మిరప బళ్లు తిరిగే దారుల్లో దుమ్ము విపరీతం. ఒకసారి సర్వీసు తరువాత బిల్లులో కొత్త ఎయిర్ ఫిల్టర్ ధర ఉంది. పాతది ఇమ్మంటే ‘చెత్తలో పడేశాం అన్నా’ అన్నారు. ఇంటికి వచ్చి మూత విప్పాను. నా ఆకుపచ్చ చుక్క అక్కడే ఉంది. కాగితం మడతల్లో ఎర్రటి దుమ్ము గట్టిపడి ఉంది, ఒక మూల మాత్రం గాలి కొట్టినట్టు తెల్లబడింది. నా బండిలో ఉండేది నూనెలో తడిపిన కాగితపు ఫిల్టర్. దాన్ని గాలితో శుభ్రం చేయకూడదు, మార్చడమే పద్ధతి. ఆ దుమ్ము లోపలికి వెళితే అరిగేది సిలిండరు, పిస్టన్ రింగులు. డబ్బు పోయిన దానికన్నా, నా ఇంజిన్‌ను దుమ్ముకు వదిలేశారన్నది నన్ను ఎక్కువ బాధించింది.

ఏమీ కదపకుండా ఫొటోలు, వీడియో తీశాను. వీడియోలో బండి నంబరు, రీడింగు, చుక్క, బిల్లు అన్నీ ఒకే వరుసలో వచ్చేలా చూశాను. మర్నాడు బండితోనే వెళ్లి అడ్వైజర్‌ను కాకుండా సర్వీస్ మేనేజర్‌ను కలిశాను. పొరపాటున బిల్లులో పడిందని, ఆ డబ్బు నగదుగా ఇచ్చేస్తామని అన్నారు. నేను తీసుకోలేదు. నా ముందే కొత్త ఫిల్టర్ వేయాలని, జరిగింది జాబ్ కార్డు మీద నమోదు చేయాలని అడిగాను. కాగితం లేకుండా ఇచ్చిన డబ్బుతో ఆ సర్వీసు చరిత్రలో ఏ తప్పూ లేనట్టే మిగిలిపోతుంది. చివరికి రెండూ చేశారు. ఎక్కువ వసూలు చేసిన సందర్భాల్లో డబ్బే వెనక్కి కావాలంటే క్రెడిట్ నోట్ అడగండి. బిల్లును సరిచేసే పద్ధతి అదే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. లోపం కనబడగానే వీధి చివరి మెకానిక్ దగ్గర ఇంజిన్ విప్పించకండి. ‘బయట విప్పారు, మాకు సంబంధం లేదు’ అనడానికి వాళ్లకు అదొక్కటి చాలు, వారంటీకీ చిక్కు. ముందు షోరూముకు రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్లు కదలకపోతే అదే కంపెనీకి చెందిన మరో అధీకృత సర్వీసు సెంటరుకు వెళ్లి, కొత్త జాబ్ కార్డు మీద వాళ్లు గమనించినది రాయించండి. బండి నడిపితే ఇంకా పాడవుతుందనిపిస్తే ఆపేసి, నడవని స్థితిలో ఉందని ఆ రోజే సందేశం పంపండి.

ఫిర్యాదు మెయిలు పొడుగ్గా ఉండకూడదు. నేను రాసేది ఇలా ఉంటుంది:

‘అయ్యా, నా బండి (నంబరు, చాసిస్ నంబరు) ఫలానా తేదీన, ఇన్ని కిలోమీటర్ల వద్ద, మీ సెంటరులో ఫలానా జాబ్ కార్డు కింద సర్వీసు అయింది. బిల్లు నంబరు, చెల్లించిన మొత్తం ఇవి. బిల్లులో ఎయిర్ ఫిల్టర్ మార్చినట్టు ఉంది. మార్చలేదని ఫొటోలు, వీడియో జతపరిచాను. కొత్త ఫిల్టర్ వేసి, పనిని నా ఎదుట పరిశీలించి, రాతపూర్వక వివరణ ఇవ్వాలి. 7 రోజుల్లో పరిష్కరించకపోతే కంపెనీకీ, తరువాత వినియోగదారుల కమిషన్‌కూ వెళతాను.’

జరిగింది, ఆధారం, మీకు కావలసినది, గడువు. ఇంతే. మోసగాళ్లు, దొంగలు లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. రేపు కమిషన్ ముందు ఆ మెయిలే చదువుతారు.

షోరూము పలకకపోతే

షోరూము యజమాని వేరు, బండి తయారు చేసిన కంపెనీ వేరు. అదే మెయిలును కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ ప్రాంతపు సర్వీసు బాధ్యుడి సమక్షంలో బండి చూడాలని కోరండి. చాలా గొడవలు ఈ మెట్టు మీదే తీరతాయి, ఎందుకంటే షోరూముకు కంపెనీ దగ్గర ఉండే పేరు ముఖ్యం. సర్వీసు తరువాత మార్కులు అడుగుతూ వచ్చే ఫోను కూడా అందుకే. ‘పదికి పది ఇవ్వండి అన్నా, నా జీతం దాని మీదే ఉంది’ అని అడ్వైజర్ బతిమాలితే జాలి కలుగుతుంది, అయినా నిజమే చెప్పండి. ఏది బాగుందో, ఏది బాగా లేదో విడదీసి చెప్పండి.

అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. ఆ నమోదు నంబరును కూడా ఫైలులో పెట్టండి.

ఆఖరిది జిల్లా వినియోగదారుల కమిషన్. నిర్లక్ష్యంగా చేసిన సర్వీసు చట్టం దృష్టిలో సేవాలోపమే. లోపం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, సర్వీసు బిల్లులన్నీ ఇందులోకే వస్తాయి. లాయరు తప్పనిసరి కాదు. షోరూము ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన ఈ వెసులుబాటు నాలాంటి పల్లెవాళ్లకు పెద్ద ఊరట. వినియోగదారుల కమిషన్ల వెబ్‌సైటు ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, మరో 15 రోజులు మాత్రమే పొడిగింపు దొరుకుతుంది. కట్టిన డబ్బు, మళ్లీ చేయించుకోవడానికి అయిన ఖర్చు, పని పోయిన నష్టం, కేసు ఖర్చులు విడివిడిగా అడగండి. పని పోయిన నష్టానికి ఆధారం చూపాలి. నా విషయంలో అయితే ఏ రోజు ఏ ఊళ్లో ఎన్ని పశువులు చూశానో రాసే రిజిస్టరు పనికి వస్తుంది. బండి మీద బతికే ఎవరికైనా అలాంటి పుస్తకం ఏదో ఒకటి ఉంటుంది, వెతికి తీయండి.

నోటీసు వెళ్లాక చాలాసార్లు రాజీకి ఫోను వస్తుంది. మంచిదే, ఒప్పుకోవచ్చు. ఏ భాగం మారుస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, చేసిన పనికి ఎన్నాళ్ల హామీ అన్నది కాగితం మీద పెట్టించండి. బండి చేతికి వచ్చిన రోజే ‘మీ ఫిర్యాదు ముగించమంటారా’ అని కస్టమర్ కేర్ నుంచి ఫోను వస్తే, ఇంకా ముగించవద్దని చెప్పండి. మీ మామూలు దారిలో, మీ మామూలు బరువుతో ఒక వారం నడపండి. పాత లోపం కనబడకపోతే అప్పుడు ముగించమనండి.